చెట్టుకప్ప నేర్పిన మెలకువ



ఆగమన కాలపు మొదటి ఆదివారం దేవాలయంలో చదివే సువిశేషం ఏ సంవత్సరమైనా మనకు ఒకే హెచ్చరిక చేస్తుంది. ప్రభువు వచ్చే ఘడియ మీకు తెలియదు గనుక మెలకువగా ఉండమంటుంది. ఏటా వింటాం. విని ఇంటికి వెళ్లి, నక్షత్రం ఎక్కడ కట్టాలి, పిల్లలకు బట్టలు ఎక్కడ కొనాలి అనే ఆలోచనలో పడిపోతాం. చాలా ఏళ్లపాటు నా సంగతీ అంతే. మెలకువను గురించి ప్రసంగాలు చేశాను గాని, మెలకువగా ఉండటమంటే ఏమిటో నాకు తెలియదు. దానిని నాకు నేర్పింది ఒక కప్ప. నవ్వకండి, పూర్తిగా చదవండి.

బిట్రగుంట మీలో చాలామందికి రైలు కిటికీలోంచి తెలిసిన ఊరే. విజయవాడ నుంచి గూడూరు వెళ్లే దారిలో కావలి దాటాక, నెల్లూరు రాకముందు వస్తుంది. ఆవిరి ఇంజన్ల కాలంలో అక్కడ పెద్ద లోకో షెడ్డు ఉండేది. బొగ్గు, పొగ, కూతలు - వీటితోనే ఊరు నిద్ర లేచేది. ఆవిరి ఇంజన్లు పోయాయి. రైల్వే కాలనీ, పాత క్వార్టర్లు, పెద్ద పెద్ద చెట్లు మిగిలాయి. ఊరి పేరులోనే గుంట ఉంది. నీళ్లు నిలిచే చోట కప్ప ఉండకుండా ఉంటుందా? పైగా నెల్లూరు తీరానికి అసలు వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వస్తాయి. అంటే మనం ప్రభువు రాకకోసం ఎదురుచూసే రోజులూ, అక్కడి కప్పలు గుడ్లు పెట్టే రోజులూ ఒకటే!

కొన్నేళ్ల క్రితం ఆగమన కాలపు మొదటి ఆదివారం సాయంత్రం అక్కడ పూజ ముగించుకొని, రైల్వేలో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయన ఇంట భోజనానికి ఆగాను. ఆయన తండ్రి ఆవిరి ఇంజను మీద ఫైర్‌మన్. పగలంతా కురిసిన వాన అప్పుడే తెరిపి ఇచ్చింది. పెరట్లో జామచెట్టు, దాని కింద సిమెంటు తొట్టి. అటునుంచి టక్ టక్ టక్ మంటూ, ఎవరో చెక్కమీద పుల్లతో కొడుతున్నట్టు శబ్దం వస్తోంది.

"చెట్టుకప్ప, ఫాదరుగారూ! ఏటా ఈ రోజుల్లో వస్తుంది" అన్నారు పెద్దాయన.

నా సంచిలో మా తమ్ముడి కొడుకు కొనిచ్చిన కొత్త కెమెరా ఉంది. ఇక ఆగుతానా? టార్చి వేసుకొని గబగబా వెళ్లాను. శబ్దం టక్కున ఆగిపోయింది. కొమ్మలు కదిపాను, తొట్టి చుట్టూ తిరిగాను. "లైటు ఆర్పి కాసేపు కూర్చోండి ఫాదరుగారూ, అదే వస్తుంది" అన్నారాయన వసారాలోంచి. నేను వినలేదు. నెల్లూరు వెళ్లే బండికి టైమవుతోంది.

కప్ప కనబడలేదు గాని, తొట్టిలోని నీళ్లపైకి వంగిన జామకొమ్మకు పిడికెడంత తెల్లని నురుగుముద్ద కనబడింది. చూడటానికి సబ్బునురుగులా ఉంది. అది కప్ప కట్టిన గూడని పుస్తకంలో చదివి ఉన్నాను. ఉన్నచోట ఉంచి ఫోటో తీద్దామంటే కోణం కుదరలేదు. కొమ్మను నావైపు వంచాను. చిటుక్కున విరిగింది. సరే, మంచిదే అయిందనుకొని దానిని ప్రహరీ గోడమీద పెట్టి, వెలుతురు సరిచేసుకొని నాలుగు ఫోటోలు తీశాను. కొమ్మను గోడమీదే వదిలేసి స్టేషనుకు పరుగెత్తాను.

ఫోటో చాలా బాగా వచ్చింది. చూసినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నాకూ గర్వంగానే ఉంది.

రెండవ ఆదివారం మళ్లీ పూజకు వెళ్లాను. పూజ అయ్యాక పెద్దాయన నన్ను పెరట్లోకి తీసుకెళ్లి గోడమీది కొమ్మను చూపించారు. నురుగు ఎండి ఆకులకు అట్టలా అతుక్కుపోయింది. దాని కింద గోడమీద తోకలున్న సన్నని చుక్కలు, జీలకర్ర గింజలంత కూడా లేవు, ఎండి అంటుకొని ఉన్నాయి. రెండడుగుల దూరంలో తొట్టినిండా నీళ్లు.

"ఇవి నీళ్లలో పడాల్సినవి ఫాదరుగారూ" అన్నారాయన. అంతకుమించి ఒక్క మాట అనలేదు.

ప్రియ పాఠకులారా, ఆ కొమ్మ విరవడమంటే ఏమిటో మీకు అర్థం కావాలంటే ఈ ప్రాణి సంగతి కొంచెం తెలియాలి. మన ఇళ్లలో స్నానాల గదుల్లో, దూలాల సందుల్లో, కుండీల వెనుక కనిపించే చెట్టుకప్ప ఇదే. శాస్త్రజ్ఞులు దీనిని పాలీపెడేటిస్ మాక్యులేటస్ అంటారు. మాక్యులేటస్ అంటే మచ్చలున్నదని. తొడల లోపలివైపు పసుపుపచ్చని గుండ్రటి మచ్చలుంటాయి. కూర్చున్నప్పుడు అవి కనబడవు. ఇంగ్లీషువారు దీనికి చునామ్ కప్ప అని పేరు పెట్టారు. మనం సున్నమనే మాటే వాళ్ల నోట చునామ్ అయింది. సున్నం కొట్టిన గోడమీద పగలు కాళ్లు ముడుచుకొని, గోడ రంగుకు దగ్గరగా పాలిపోయి, కదలకుండా నిద్రపోతుంది. ఆడకప్ప మగకప్పకంటే పెద్దది, మూడు అంగుళాలదాకా పెరుగుతుంది. వేళ్ల కొసన బిళ్లల్లాంటి మెత్తలుంటాయి. వాటి చర్మం తేనెపట్టు గదుల్లా ఆరు పలకల కణాలతో ఉంటుంది. కణాల మధ్య సన్నని కాలువల్లో జిగట తేమ పారుతుంది. ఆ తడిపట్టుతోనే అది నున్నని గాజుమీద కూడా నిలుస్తుంది.

కప్ప చర్మం మన చర్మం వంటిది కాదు. చర్మంతోనే నీరు తాగుతుంది, కొంత ఊపిరీ తీసుకుంటుంది. మరి పొడి గోడమీద పగలంతా ఎలా బతుకుతుంది? 1997లో వెలువడిన ఒక పరిశోధన ఆ సంగతి చెప్పింది. ఈ కప్ప తన చర్మం నుంచి ఊరే జిగురును, కొవ్వును కాళ్లతో ఒళ్లంతా రాసుకొని, ఆ తరువాతే ముడుచుకొని కూర్చుంటుందట. మనం నూనె రాసుకున్నట్టే! మనకు సోమరిలా కనిపించే ఆ కూర్చోవడం వెనుక ఎంత సిద్ధపాటు ఉందో చూడండి.

ఇక గూడు. వానలు పడ్డాక ఆడకప్ప, వీపుమీద మగకప్పను మోస్తూ, నీటిపైకి వంగిన కొమ్మనో తొట్టి గోడనో చూసుకుంటుంది. ఒంటినుంచి వచ్చే ద్రవాన్ని వెనుక కాళ్లతో గిలక్కొట్టి నురుగు చేస్తుంది. మన అమ్మలు కవ్వంతో మజ్జిగ చిలికినట్టే. ఆ నురుగులో గుడ్లు పెడుతుంది. పైపొర ఆరి గట్టిపడుతుంది, లోపల తడి నిలుస్తుంది. కొద్దిరోజులకు గుడ్లు పొదిగి, నురుగు కరిగి, తోకపిల్లలు ఒక్కొక్కటే కింది నీటిలోకి జారిపడతాయి. ఎక్కడ నీళ్లున్నాయో తల్లి ముందే చూసి పెట్టిన ఏర్పాటు అది. నేను ఆ ఏర్పాటును ఒక మంచి కోణంకోసం గోడమీద పెట్టి వెళ్లాను.

కప్పగుడ్లు పాడుచేయడం పాపసంకీర్తనంలో చెప్పవలసినంత తప్పా అని మీరు అడగవచ్చు. ఆ లెక్క వేదాంత పండితులకు వదిలేస్తాను. నాకు తెలిసింది ఇంతే: మెలకువగా ఉండండని గంట క్రితం బలిపీఠం దగ్గర నిలబడి చెప్పిన మనిషినే నేను. ఆ గంటలోనే నా కళ్లముందు ఒక ప్రాణి తన బిడ్డలకోసం చేసుకున్న పని ఉంది. నేను దానిని చూడలేదు. నాకు కావలసింది తీసుకొని వెళ్లాను.

కప్ప అనగానే బైబులు చదివేవారికి మొదట గుర్తొచ్చేది నిర్గమకాండము 8వ అధ్యాయం. ఫరో రాజు పడకగదిలోకి, పొయ్యిల్లోకి, పిండి పిసికే తొట్లలోకి కప్పలు ఎక్కివచ్చిన తెగులు అది. దర్శన గ్రంథం 16వ అధ్యాయంలో అపవిత్రాత్మలను కప్పలతో పోల్చారు. కాబట్టి కప్పకు మనలో మంచిపేరు లేదు. మాటల్లోనూ నూతిలో కప్ప అని, కప్పల తక్కెడ అని ఎగతాళి చేస్తాం. కాని ఆదికాండము మొదటి అధ్యాయం తిరగేయండి. నీటిలోనూ నేలమీదనూ కదిలే ప్రాణులన్నిటినీ సర్వేశ్వరుడు చేసి, చూసి, బాగున్నదనుకున్నాడు. అందులో కప్పను మినహాయించినట్టు ఎక్కడా లేదు. సొలోమోను జ్ఞానగ్రంథం 11వ అధ్యాయం ఇంకా ముందుకు వెళ్లి, దేవుడు తాను చేసిన దేనినీ అసహ్యించుకోడని, అసహ్యమైతే చేసేవాడే కాదని వాదిస్తుంది.

పునీత అగస్తీనువారు 4వ శతాబ్దం చివరలో ఆదికాండముపై వ్యాఖ్యానం రాస్తూ, సరిగ్గా ఈ ప్రశ్ననే ఎదుర్కొన్నారు. ఎలుకలు, కప్పలు, ఈగలు ఎందుకు అని సృష్టిని నిందించేవారు ఆనాడూ ఉన్నారు. అంతటి పండితుడు ఏమన్నారో తెలుసా? అవి ఎందుకు సృజింపబడ్డాయో తనకు తెలియదని ఒప్పుకున్నారు. అయినా వాటి వాటి తీరులో అవన్నీ అందంగానే ఉన్నాయని, ఆ అవయవాల పొందికలో సృష్టికర్త పనితనం కనబడుతోందని రాశారు. ఎందుకో తెలియదు, కాని అందంగా ఉంది! మనకు ఉపయోగం ఏమిటి అని అడగకముందే చూడగలిగిన కళ్లు అవి.

మన నెల్లూరు జిల్లాకూ ఇలాంటి చూపుతో సంబంధం ఉంది. 1840 దశకంలో నెల్లూరులో సివిల్ సర్జనుగా పనిచేసిన టి.సి. జెర్డాన్ మన దేశపు పక్షుల గురించి, జంతువుల గురించి గొప్ప గ్రంథాలు రాశాడు. 1853లో దక్షిణ భారతంలోని పాములు, బల్లులు, కప్పల వంటి ప్రాణుల పట్టిక ఒకటి ప్రచురించాడు. నెల్లూరులో ఉన్నప్పుడు ఆయన ఇక్కడి యానాదులను అడిగి ఈ నేలమీది జీవుల సంగతులు తెలుసుకున్నాడని చెబుతారు. చదువుకున్న డాక్టరు, అక్షరం రాని అడవి మనిషి దగ్గర నేర్చుకున్నాడు. నాకు లైటు ఆర్పి కూర్చోమని చెప్పిన పెద్దాయన మాట నేను ఎందుకు వినలేకపోయానా అని తరువాత చాలాసార్లు అనుకున్నాను.

మరుసటి ఏడు ఆగమన కాలంలో మళ్లీ ఆ ఇంటికి వెళ్లాను. ఈసారి రాత్రికి అక్కడే ఉంటానని ముందే చెప్పాను. వాన వెలిశాక ఇద్దరం తొట్టికి నాలుగు గజాల దూరంలో రెండు కుర్చీలు వేసుకొని, లైట్లన్నీ ఆర్పి కూర్చున్నాం. మొదటి పది నిమిషాలు నాకు నరకం. దోమలు, చీకటి, చేయడానికి ఏమీ లేకపోవడం. జపమాల తీసి మనసులో చెప్పుకోసాగాను. రెండు దశకాలు పూర్తయ్యాయో లేదో, టక్... టక్ టక్ టక్. అవతల సజ్జమీదినుంచి ఇంకొకటి జవాబు పలికింది. దూరంగా గూడ్సు బండి ఒకటి వెళ్లింది. కప్పలు ఒక్క క్షణం ఆగి, మళ్లీ మొదలుపెట్టాయి.

పెద్దాయన టార్చికి పలుచని గుడ్డ చుట్టి నేలవైపు వేశారు. ఆ మసక వెలుతురులో తొట్టి అంచున ఆడకప్ప, దాని వీపుమీద మగకప్ప. వెనుక కాళ్లు నెమ్మదిగా కదులుతున్నాయి. నురుగు పేరుకుంటోంది. ఎంతసేపు చూశామో గడియారం చూసుకోలేదు. లేచేముందు, ఉన్నచోటనుంచే, ఉన్న వెలుతురుతోనే రెండు ఫోటోలు తీశాను. ఒకటి అదిరిపోయింది. రెండవది పరవాలేదు. మొదటి సంవత్సరం ఫోటో ముందు అది ఎందుకూ పనికిరాదు. కాని మొదటి ఫోటోను నేను ఇప్పుడు ఎవరికీ చూపించను.

మీలో యువతీ యువకులు చాలామంది సెల్‌ఫోనుతో, కెమెరాతో ప్రకృతిని ఫోటోలు తీస్తున్నారు. మంచి పని. మానమని చెప్పడంలేదు. నా అనుభవంలో నేర్చుకున్నవి నాలుగు చెబుతాను.

మొదటిది, కప్పను పట్టుకోవద్దు. మన చేతులమీది ఉప్పు, సబ్బు, దోమల మందు దాని చర్మంలోకి దిగిపోతాయి. ఒక గుంట నుంచి ఇంకొక గుంటకు వెళ్లేటప్పుడు చెప్పుల బురద కడిగి ఆరబెట్టుకోండి. కప్పలకు వచ్చే శిలీంధ్రపు జబ్బు ఒకటి ప్రపంచంలో ఎన్నో జాతులను తుడిచిపెట్టింది. అటువంటివి తడితో, బురదతో పాకుతాయి.

రెండవది, కొమ్మ వంచవద్దు, రాయి కదపవద్దు, గూడును ముట్టవద్దు. కెమెరానే దాని ఎత్తుకు దించండి. కప్ప కంటికి ఎదురుగా మీ కన్ను ఉంటే చాలు, ఫోటో దానంతట అదే బాగుంటుంది. ఫ్లాషు తప్పదనుకుంటే తెల్ల కాగితం అడ్డుపెట్టి, రెండు మూడు సార్లతో ఆపండి. అది కూత మానేసిందంటే మీరు దగ్గరికి వచ్చారని అర్థం. వెనక్కి తగ్గండి.

మూడవది, ఒంటరిగా వెళ్లవద్దు. కప్పలున్న చోటికి పాములూ వస్తాయి. మన ప్రాంతంలో కట్లపాము, రక్తపింజరి రెండూ ఉన్నాయి. కాళ్లకు బూట్లు వేసుకోండి, అడుగు వేసే చోట వెలుతురు వేసుకోండి. రైలు పట్టాల దరిదాపులకు పోవద్దు.

నాలుగవది, ఉన్నది ఉన్నట్టు చూపండి. ఆకును గొడుగులా పట్టుకున్న కప్ప, పురుగుమీద స్వారీ చేసే కప్ప - ఇలాంటి బొమ్మలు మీకూ వచ్చే ఉంటాయి. 2010 తరువాతి సంవత్సరాల్లో ఇండోనేషియా నుంచి వచ్చిన ఇటువంటి ఫోటోలపై, వాటికోసం ప్రాణులను హింసించి, దారాలతో కట్టి నిలబెడుతున్నారని ప్రకృతిని ఎరిగినవారు ఆరోపించారు. ఫోటో అంటే సాక్ష్యం. అబద్ధసాక్ష్యం పలకవద్దన్న ఆజ్ఞకు కెమెరా మినహాయింపు కాదు.

ఒక్క కప్ప గూటికి ఇంత కథా అనుకోవద్దు. 2023లో వెలువడిన ప్రపంచస్థాయి అంచనా ప్రకారం, కప్పల వంటి ఉభయచర జీవుల్లో ప్రతి ఐదు జాతుల్లో రెండు అంతరించే ముప్పులో ఉన్నాయి. మన చెట్టుకప్ప ఇప్పటికి ఆ జాబితాలో లేదు. కాని గుంటలు పూడ్చి ప్లాట్లు వేస్తే, తొట్లు తీసి పెరడంతా సిమెంటు చేస్తే, అది గుడ్లు పెట్టే చోటు ఎక్కడ? పోపు ఫ్రాన్సిస్ వారు 2015లో రాసిన లౌదాతో సీ లేఖలో, మన మూలంగా ఎన్నో జాతులు తమ ఉనికితో దేవుని మహిమపరచలేకుండా పోతున్నాయని, మనకు ఆ హక్కు లేదని బాధపడ్డారు. చెరువు గట్టున రాత్రి ఆ సంగీతం ఆగిపోతే, సృష్టి చేసే స్తుతి గానంలో ఒక గొంతు తగ్గినట్టే.

చివరగా ఒక్క మాట. ఇది కప్పల గురించి మాత్రమే కాదని మీకు ఈపాటికి అర్థమై ఉంటుంది. క్రిస్మస్ దగ్గరికి వస్తోంది. పేదలకు దుప్పట్లు పంచుతాం, రోగులకు పండ్లు ఇస్తాం. ఫోటో తీసుకుంటాం. కొంచెం ఇటు తిరగమ్మా, దుప్పటి పైకి పట్టుకో అంటాం. ఆమె పేరు అడిగామా? ఆమె రాత్రి ఎక్కడ పడుకుంటుందో చూశామా? మన ఫోటో బాగా వచ్చింది. ఆమె గోడమీద మిగిలింది. మన ఇళ్లలోనూ అంతే. మంచం పట్టిన తల్లి దగ్గర, మాట్లాడని కొడుకు దగ్గర టార్చి వేసుకొని ప్రశ్నలతో వెళతాం. వాళ్లు నోరు మూసుకుంటారు. లైటు ఆర్పి, కాసేపు పక్కన కూర్చుంటే వాళ్లే మాట్లాడతారేమో!

ప్రభువు బెత్లెహేములో రాత్రిపూట, పశువుల తొట్టిలో వచ్చాడు. ఆయనను మొదట చూసింది ఆ రాత్రి పొలంలో మేలుకొని కూర్చున్న గొల్లలే. వాళ్లు చూశారు, స్తుతించారు, శిశువును తల్లి దగ్గరే ఉంచి తిరిగి వెళ్లారు.

ఈ వారం వాన వెలిసిన ఒక రాత్రి, మీ ఇంట లైట్లు ఆర్పి, ఒక్క పావుగంట పెరట్లోనో వాకిట్లోనో కూర్చోండి. ఏం వినిపిస్తుందో వినండి. తరువాత ఇలా ప్రార్థించండి:

ప్రభువా, నీవు చేసి, చూసి, బాగున్నదనుకొన్నవాటిని మేము చూడకుండానే తీసుకొన్నాము. మమ్ము క్షమించు. నీవు పెట్టిన చోట వాటిని ఉండనిచ్చే చేతులను, వేచి ఉండే కళ్లను మాకు దయచేయి. నీవు వచ్చే రాత్రి మమ్ము మేలుకొని ఉండనివ్వు. ఆమెన్.